పెరటి చెట్టు, మందు, ధర్మము

“పెరటి చెట్టు మందునకు పనికిరాదు” అని మన పెద్దల సామెత. చేరువ నున్న వస్తువునకు మనుజుడు విలువ నీయడని దాని తాత్పర్యము. ఇంటి వెనుక మొలచిన తులసిని, వేపను విడిచి దూరపు అంగడిలోని సీసాకు పరుగెత్తు బుద్ధిని ఈ సామెత ఎగతాళి చేయుచున్నది. అయితే ఒక మొక్క విషయమున ఈ కాలమందు సామెత తలక్రిందులైనది. అంగడిలో సులభముగ దొరకనిది, వైద్యుడు వ్రాయుటకు జంకునది, చట్టము వలదనునది యగు గంజాయి మొక్కను ఇంటిలోనే, తలుపులు మూసిన గదిలో, విద్యుద్దీపముల వెలుగులో, రసాయనపు టెరువులు లేకుండ పెంచి, బాధపడుచున్న ఆత్మీయులకు మందుగా ఇయ్యవచ్చునా అను ప్రశ్న నేడు విద్యావంతుల యిండ్లలో సైతము వినవచ్చుచున్నది. విదేశములందున్న పిల్లలు “ఇక్కడ ఇది తప్పు కాదు” అని చెప్పుటయు దీనికి తోడైనది.

ఇది పోలీసులకు సంబంధించిన విషయమని త్రోసివేయుట సులభము. కాని ఈ ప్రశ్న గర్భమున ఒక ధర్మసందేహము కలదు. నొప్పిని చూచి ఓర్వలేని ప్రేమకు, మందు చేయు అధికారము దానంతట అదియే కలుగునా? ఈ వ్యాసమున విచారింపదలచినది అదియే.

ఈ మొక్క మనకు క్రొత్తది కాదని ముందుగా ఒప్పుకొనవలయును. ఆయుర్వేదమున దీనికి విజయ, భంగ అను పేర్లు కలవు. శార్ఙ్గధర సంహిత దీనిని నల్లమందుతో పాటు వ్యవాయి ద్రవ్యములకు ఉదాహరణముగా చెప్పినది. అనగా జీర్ణము కాకమునుపే దేహమంతట వ్యాపించునది. మన వైద్యులు దీనిని పచ్చిగా వాడరు. కడిగి, ఎండబెట్టి, నేతిలో వేయించి, శుద్ధిచేసిన పిదపనే యోగములలో చేర్చుదురు. 1945 నాటి ఔషధ నియమావళిలోని ఇ(1) షెడ్యూలు వత్సనాభి, ఉమ్మెత్త, విషముష్టులతో పాటు భంగను కూడ విషద్రవ్యముల పట్టికలో చేర్చినది. పట్టికలో చేరుట నిషేధము కాదు; వైద్యుని పర్యవేక్షణలోనే వాడుడను హెచ్చరిక.

పాశ్చాత్య వైద్యమునకు దీనిని పరిచయము చేసినవారిలో ముఖ్యుడు కలకత్తా వైద్య కళాశాల ఆచార్యుడగు ఓషానెస్సీ. ఆయన 1839లో ప్రకటించిన వ్యాసమున కీళ్ళవాతము, ధనుర్వాతము, పసిబిడ్డల మూర్ఛలు మొదలగువానియందు దీని గుణమును వర్ణించెను. అంతకుమునుపు జంతువులపై పరీక్షించెను. రోగుల కిచ్చినపుడు ఎంత ఇచ్చినది, ఎన్ని గంటలకు ఏమి జరిగినది వ్రాసికొనెను. తొలిదినముల రోగులలో ఒకడు అవయవములు కొయ్యబారి, తెలివి లేక పడియుండి అందరిని భయపెట్టి తేరుకొనగా, ఆయన మోతాదును తగ్గించెను. ఆసుపత్రిలో, శిష్యులు చుట్టునుండగా, ఆచార్యునికే ఇట్టి అనుభవము కలిగినదని గుర్తుంచుకొనవలయును.

1893లో ప్రభుత్వము మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. ఏడుగురు సభ్యులలో ముగ్గురు భారతీయులు. వారు 1,193 మంది సాక్షులను విచారించి, 1894లో నివేదిక సమర్పించిరి. మితముగా వాడినచో పెద్ద హాని కానరాదనియు, మితిమీరినచో హాని తప్పదనియు, పూర్తి నిషేధము కంటె లైసెన్సులు, పన్నులతో అదుపు చేయుటయే మేలనియు వారి అభిప్రాయము. అప్పుడు మన చాందా జిల్లా సెంట్రల్ ప్రావిన్సెస్‌లోనిది. ఆ రాష్ట్రమున ఈ సాగు నీమాడ్ జిల్లా ఖండ్వా ప్రాంతమునకు పరిమితము చేయబడియుండెను. తెలుగు సీమలో బాపట్ల తాలూకాలోని సంతరావూరు ఈ పైరునకు పేరుపడినది. పెరళ్ళలో అక్కడక్కడ మొక్కలుండుటయు నాడు కలదు. కాని ఔదార్యము చూపిన ఆ సంఘము సైతము ఎవరి యింటిలో వారు పెంచుకొనుడని చెప్పలేదు. ఎల్లలు గీచిన పొలము, తూకము, లెక్క అనువానినే అది కోరినది.

నేటి చట్టము మరింత కఠినము. 1961 నాటి అంతర్జాతీయ ఒడంబడిక గంజాయిని గట్టి కట్టుదిట్టముల క్రిందికి తెచ్చెను. మన దేశమున మాదకద్రవ్యముల చట్టము 1985 నవంబరు 14న అమలులోనికి వచ్చెను. దాని 8వ సెక్షను గంజాయి మొక్కను పెంచుటను నిషేధించుచున్నది. వైద్యమునకు, శాస్త్రపరిశోధనకు, ప్రభుత్వము అనుమతించిన రీతిలో మాత్రమే మినహాయింపు కలదు. 20వ సెక్షను క్రింద పెంపకమునకు పది సంవత్సరముల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. తెలిసి తన యింటిని ఇందుకు విడిచిన యజమానికిని 25వ సెక్షను శిక్ష చెప్పుచున్నది. పూత లేని వట్టి ఆకు గంజాయి నిర్వచనములోనికి రాదు. కొన్ని రాష్ట్రములలో భంగు అమ్మకము సాగుట ఇందువలననే. దానిని చూచి మొక్కను పెంచుటయు తప్పు కాదని భ్రమపడరాదు. కుండీలోని మొక్కయు మొక్కయే. “నా యింటి రోగికొరకు” అను సమాధానము ఆ సెక్షనులో లేదు.

ఇక పూర్వపక్షమును దాని పూర్తి బలముతో విందము. బొగ్గు గనిలో ముప్పది సంవత్సరములు పనిచేసి విశ్రాంతి పొందిన ఒక గృహస్థుని ఊహించుకొందము. భార్యకు కాన్సరు. కీమోథెరపీ జరిగిన ప్రతిసారి మూడు దినములు ఆమె కడుపులో మెతుకు నిలువదు. రాత్రులు నిద్ర లేదు. ఆయన ఇట్లు వాదించును: “నేను అమ్మబోను. పరులకీయను. మత్తునకు వాడను. నా గదిలో, నేను పైకము చెల్లించు కరెంటుతో, పశువుల ఎరువు, వేపపిండి వేసి పెంచుకొందును. దీనివలన ఎవరికి హాని? హాని లేనిచోట తప్పెక్కడిది? సారా దుకాణమునకు లైసెన్సు నిచ్చు ప్రభుత్వము నా భార్య నిద్రకు అడ్డుపడుట న్యాయమా?”

ఈ వాదమును విని నవ్వువాడు రోగి మంచము ప్రక్కన ఒక్క రాత్రియైనను మేల్కొని యుండనివాడై యుండవలయును. శాస్త్రము కూడ ఆ గృహస్థునకు కొంత తోడుపడుచున్నది. ఈ మొక్కలోని మత్తు పదార్థమగు టి.హెచ్.సి.ని ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు మెషూలమ్, ఆయన సహచరుడు గావోనీ 1964లో వేరుచేసి చూపిరి. దానిని కృత్రిమముగ తయారుచేసిన గుళికలను కీమోథెరపీ వాంతులకు అమెరికా 1985లో అంగీకరించెను. మత్తు కలిగింపని సి.బి.డి. అను మరియొక పదార్థము నుండి చేసిన ద్రవౌషధమును రెండు రకముల కఠినమైన బాల్యమూర్ఛలకు 2018లో అనుమతించెను. పెద్దవారి దీర్ఘకాలపు నొప్పికి ఇది కొంత ఉపకరించునని 2017లో అమెరికా జాతీయ అకాడమీలు ప్రకటించిరి. చాలినంత ప్రమాణము లేదు గనుక తాము సమర్థింపలేమని 2021లో నొప్పిని గూర్చి పరిశోధించు అంతర్జాతీయ సంఘము పలికెను. కనుక ఈ మొక్కయందు మందుగుణము లేదని ఎవరును అనజాలరు. ఎవరికి, ఎంత, ఏ రూపమున అనునదే తగవు.

సిద్ధాంతమునకు మొదటి మెట్టు ఆ “ఎంత” అను మాటయే. విషమునకును ఔషధమునకును నడుమ గోడ మోతాదే యని మన ప్రాచీన వైద్యులు నొక్కి చెప్పిరి. ఇంటిలో పెంచిన పూవునకు మోతాదు చెప్పగలవారెవరు? గింజ జాతిని బట్టి, దీపపు బలమును బట్టి, కోసిన దినమును బట్టి, ఆరబెట్టిన తీరును బట్టి దాని సారము మారిపోవును. ఒకే మొక్క పైకొమ్మ పూవునకును క్రిందికొమ్మ పూవునకును భేదముండును. పందొమ్మిదవ శతాబ్దమున పాశ్చాత్య వైద్యుల బీరువాలలో వెలసిన గంజాయి టించరు క్రమముగా మూలబడుటకు ఒక ముఖ్యకారణము ఇదియే: ఒక సీసాలోని బలము మరియొక సీసాలో లేకపోవుట. ప్రయోగశాలలకు కొరుకుడుపడని ఈ చిక్కును పడకగది తీర్చునా?

పైగా గది తోట అనునది చెప్పినంత సులభము కాదు. ఈ మొక్క వెలుగు చీకట్ల కొలతను ఎరిగినది. ఏపుగా పెరుగునపుడు దినమునకు పదునెనిమిది గంటల వెలుగు నిత్తురు. పూత కొరకు పండ్రెండు గంటలు కటిక చీకటిలో నుంచవలసియుండును. మన చంద్రపూర్ గ్రీష్మమున నలువదియైదు డిగ్రీలు దాటు ఎండలో, అట్టి దీపములు మండుచున్న మూసిన గదిని చల్లగా నుంచుటయే ఒక యుద్ధము. వానలు పడగనే ఆ గదియే చెమ్మగిల్లి పూవులకు బూజు పట్టించును. ఆరోగ్యవంతునకు ఆ బూజు దగ్గు తెప్పించి పోవచ్చును. కీమోథెరపీతో తెల్లకణములు తగ్గిన రోగికి ఊపిరితిత్తులలో ప్రాణాంతకమగు వ్యాధిని కలిగింపగలదు. ఎవరికొరకు ఈ మొక్కను పెంచుచున్నారో వారికే ఆ బూజు పరమ శత్రువు.

“రసాయనములు లేవు, అంతయు సేంద్రియమే” అను మాట ఇక్కడ ఒక ఊరటను కలిగించును. ఆ ఊరట నిజమైనది కాదు. సేంద్రియము అను మాట నేలను గూర్చి చెప్పునే కాని మోతాదును గూర్చి చెప్పదు. పేడ యెరువుతో పెరిగిన ఉమ్మెత్తయు ఉమ్మెత్తయే. తినుటకు ఇచ్చిన గంజాయి పనిచేయుటకు గంట, రెండు గంటలు పట్టును. పని చేయలేదని తలచి మరికొంత ఇత్తురు. పిదప రెండును కలిసి పైబడును. వృద్ధులకు గుండెదడ, మతిభ్రమ, లేచి నడువబోయి పడుట సంభవించును. రక్తము గడ్డకట్టకుండ వాడు వార్ఫరిన్ వంటి మందులతో ఇది కలహించును. “వెయ్యిమందిని చంపినవాడు అరవైద్యుడు” అని మనలో ఒక పరిహాసపు మాట కలదు. ఇంటి వైద్యునకు వెయ్యిమంది లేరు. ఉన్నది ఒక్కరే, ఆమెయు అర్ధాంగి.

రెండవ మెట్టు సాక్షి. మందునకు ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు చాలరు. చూచు మూడవవాడు కావలయును. వైద్యుని చీటి, మందుల దుకాణపు లెక్క, సీసాపై ముద్రించిన తూకము, ఇవన్నియు ఆ మూడవవాని కన్నులు. దొంగచాటుగా పెంచిన మొక్క ఈ కన్నులను మూసివేయును. రాత్రి పూట రోగికి స్పృహ తప్పినదనుకొనుడు. ఆసుపత్రికి కొనిపోయిన భర్త డాక్టరుతో ఏమి చెప్పును? నిజము చెప్పిన జైలు భయము, చెప్పకున్న ప్రాణభయము. ఏ భార్య బాధను తీర్పగోరి ఈ పనికి పూనుకొనెనో, ఆ భార్యకే వైద్యునికిని నడుమ ఒక అబద్ధమును నిలిపినవాడగును. మొక్క వలన కలుగు హాని కంటె ఈ దాపరికము వలన కలుగు హాని పెద్దదని నా అభిప్రాయము.

మూడవ మెట్టు భారము. “నాకు నేను చేసికొనునది” అను మాట ఉమ్మడి బ్రతుకున అరుదుగా నిజమగును. గదికి తాళము వేసినను పూవు వాసనకు తాళము లేదు. ఇంటిలోని కోడలు ఇరుగుపొరుగులతో బొంకవలసివచ్చును. మనుమనికి కౌమారము వచ్చును. ఆ వయస్సున బలమైన గంజాయికి అలవాటుపడినవారిలో కొందరికి చిత్తవికలత కలుగు ప్రమాదము హెచ్చని వైద్యులు చెప్పుచున్నారు. “తాతగారు పెంచిన మందు” అను మాట ఆతనికి ఏమి నేర్పును? శిక్షయే వచ్చినచో అది ఒక్కని తలపై ఆగదు. హాని లేనిచోట తప్పు లేదను పూర్వపక్షము ఇక్కడ వీగిపోవుచున్నది. హాని లేకపోలేదు, అది పరులకు గాక తనవారికి పంచబడినది.

మరి జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుండి వయోజనులు ఇంటిలో మూడు మొక్కలు పెంచుకొనవచ్చును గదా, కెనడాలో రోగులు పేరు నమోదు చేయించుకొని పెంచుకొనుచున్నారు గదా, అచట ధర్మమైనది ఇచట అధర్మమెట్లగును అని అడుగవచ్చును. సరిహద్దు ప్రజలమగు మనకు ఈ ప్రశ్న వింత కాదు. 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలో నున్న రాజురా నేడు మన జిల్లాలోనిది. 2015 ఏప్రిల్ 1న ఈ జిల్లాలో మద్యము నిషిద్ధమయ్యెను. తెలంగాణ ఎల్ల దాటినంతనే అది అంగడి సరుకు. స్త్రీల పోరాట ఫలితముగా వచ్చిన ఆ నిషేధమును, దొంగసారా పెరిగినదను కారణము చెప్పి, ప్రభుత్వము 2021లో ఎత్తివేసెను. నిషేధము ఒక్కటియే మనుష్యుని మార్చలేదనియు, ఎత్తివేసినంత మాత్రమున తాగుబోతు యింటి దుఃఖము తీరలేదనియు మనము కన్నులార చూచినవారము.

చట్టము ఎల్లతో మారును, బాధ్యత మారదు. జర్మనీ అనుమతించినది మొక్కల సంఖ్యకు మితి విధించి, పిల్లలకు అందకుండ నుంచవలయునని శాసించియే. తాయ్‌లాండ్ 2022లో ఒక్కమారుగా కట్టు విప్పి, 2025లో వైద్యుని చీటి ఉండవలెనని మరల కట్టు బిగించెను. అమెరికాలో కాలిఫోర్నియా 1996లోనే రోగులకు అనుమతినిచ్చినను కేంద్రచట్టము వేరు. వీసాపై నున్న మన పిల్లలకు అది ప్రమాదకారి కాగలదు. అక్కడి మాటను ఇక్కడికి తెచ్చువారు ఆ మాట వెనుకనున్న కట్టుబాట్లను కూడ తేవలయును.

ఇంతవరకు చెప్పినది గృహస్థుని ధర్మము. అంతటితో ఆగినచో సగము న్యాయమే యగును. వైద్యమునకు మినహాయింపు కలదని వ్రాసికొని, ఆ మినహాయింపును రోగికి అందనీయని ప్రభుత్వము ఋణగ్రస్తమే. ఇందుకు నల్లమందు కథ గొప్ప ఉదాహరణము. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో రైతులు లైసెన్సుపై గసగసాల పైరు వేయుచున్నారు. ఆ నల్లమందు నీమచ్, గాజీపూర్‌లలోని ప్రభుత్వ కర్మాగారములకు చేరును. పొలము తనదే యైనను రైతు తన తల్లికి మార్ఫిన్ చేసి ఇయ్యడు. అది తూకము, ముద్ర, చీటి గలదై తిరిగి రావలయును. అయితే 1985 చట్టము తరువాత, అనుమతుల చిక్కుల వలన ఆ మార్ఫిన్ రోగులకు దుర్లభమయ్యెను. గసగసాలు పండు దేశమున కాన్సరు రోగులు అలమటించిరి. కేరళకు చెందిన డాక్టరు రాజగోపాల్ వంటివారు ఏండ్ల తరబడి ప్రభుత్వములతో, న్యాయస్థానములతో, చట్టసభలతో వాదించిరి. 2014లో చట్టము సవరింపబడి, అవసరమగు ఔషధములకు దేశమంతట ఒకే విధమైన సులభ నియమములకు దారి ఏర్పడెను. వారెవరును దొంగచాటుగా నల్లమందు కాచి పంచలేదు. బాధను వెలుగులోనికి తెచ్చిరి. ఒక గదిలోని దొంగమందు ఒక్క రోగికి ఒక్క రాత్రి నిద్ర నీయవచ్చును. బహిరంగముగ సవరించిన చట్టము పేరు తెలియని వేలమందికి ఆ నిద్రను హక్కుగా నిచ్చును.

గంజాయి విషయమునను అట్టి దారి మొదలైనది. 2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యముల సంఘము దీనిని అత్యంత కఠినమైన పట్టికనుండి తొలగించునపుడు మన దేశము అనుకూలముగా ఓటు వేసినది. జమ్ములోని కేంద్ర పరిశోధనా సంస్థ అనుమతితో దీనిని పెంచి పరీక్షించుచున్నది. లైసెన్సు గల ఆయుర్వేద సంస్థలు విజయ కలిసిన ఔషధములను వైద్యుని చీటిపై అందించుచున్నవి. ఈ దారిని వెడల్పు చేయుమని అడుగుట పౌరధర్మము. గదికి తాళము వేయుట ఆ దారిని ఇరుకు చేయుట.

ఇక మన వంటి ప్రవాసాంధ్రులకు ఇందు ప్రత్యేకమైన పని ఒకటి కలదు. నొప్పికి వైద్యము నొప్పిని చెప్పుటతో మొదలగును. మన భాషలో నొప్పికి ఎన్ని పేర్లు! సలుపు వేరు, పోటు వేరు, మంట వేరు, తీపు వేరు, తిమ్మిరి వేరు. నరపు మంటకు ఇచ్చు మందు ఎముక సలుపునకు చాలదు. తెలుగు తప్ప మరొక మాట రాని మన యింటి ముసలమ్మ ఆసుపత్రిలో మరాఠీ డాక్టరు ఎదుట కూర్చుండి, వీనినన్నిటిని “దుఖ్తే” అను ఒక్క మాటలో ముగించి, ఒకే రకపు మాత్రతో ఇంటికి వచ్చును. నాగపూర్ కాన్సరు ఆసుపత్రికి వెళ్ళినను ఇదే కథ. మాత్ర పనిచేయదు. అప్పుడు ఇంటివారి మనస్సు చీకటి గదివైపు తిరుగును. రెండు భాషలు తెలిసిన మన యువకుడొకడు ఆ దినమున ఆమె ప్రక్కన నిలిచి, “ఇది పోటు కాదు, మంట, రాత్రి హెచ్చును” అని చెప్పినచో, మార్ఫిన్ వ్రాయగల వైద్యుడెక్కడున్నాడో కనుగొన్నచో, ఎన్నో యిండ్లలో ఈ ధర్మసందేహము పుట్టనే పుట్టదు. సంఘము అనునది పండుగలకే కాక ఇందులకును పనికిరావలయును.

ప్రేమ గొప్పది. అయితే అది తూకపు రాయి కాదు. రోగి బాధను చూచి నిలువలేనివాని హృదయమును నిందింపరాదు; ఆ హృదయమునకు తోడుగా కొలతను, సాక్షిని, చట్టపు అండను చేకూర్పవలయును. అవి చేకూరిన నాడు విజయ తన పేరును సార్థకము చేసికొనును. అంతవరకు మన పెరటిలో తులసియు వేపయు పెరుగనిచ్చి, ఈ ఒక్క చెట్టును మాత్రము పదుగురు చూచు చోటనే పెంచుడని అడుగుదము.